పుండు చూపిస్తేనే పట్టుబడే రోగం

కాంగో దేశపు తూర్పు అంచున, దక్షిణ కివు రాష్ట్రంలో కమిటుగా అనే ఊరుంది. బంగారు గనుల ఊరు. రెండు లక్షలకు పైగా జనం. గనుల్లో దిగే కుర్రాళ్లు, వాళ్లకు వండిపెట్టేవాళ్లు, బంగారం తూచి కొనేవాళ్లు, బార్లు నడిపేవాళ్లు, ఆ బార్లలో సెక్స్‌వర్క్ మీద బతికే ఆడవాళ్లు ఉంటారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొన్నాళ్లుండి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. 2023 సెప్టెంబరు ఆఖర్లో అక్కడి ఆసుపత్రికి జ్వరంతో, ఒంటి మీద పొక్కులతో, గజ్జల్లో బిళ్లలు కట్టి మనుషులు రావడం మొదలైంది. ఐదు నెలల్లో 241 మంది అనుమానిత రోగులు చేరారు. వారిలో 108 మందికి ఎంపాక్స్ అని పరీక్షల్లో తేలింది.

మనం 2022లో మంకీపాక్స్ అని విన్న జబ్బే ఇది. కాంగోకు కొత్త కాదు. కాకపోతే అంతకుముందు అది అడవి పక్క పల్లెల్లో, ఎక్కువగా చిన్నపిల్లలకు వచ్చేది. అడవి జంతువుల నుంచి ఒకరిద్దరికి సోకి, ఇంట్లో ఇంకో ఇద్దరికి అంటుకుని, అక్కడితో ఆగిపోయేది. కమిటుగాలో వరస వేరుగా ఉంది. రోగుల్లో సగం మంది 22 ఏళ్లు, అంతకు పైబడినవాళ్లు. ఆడా మగా దాదాపు సమానం. పది మందిలో ముగ్గురు సెక్స్‌వర్కర్లు. పొక్కులు చాలామందికి మర్మాంగాల దగ్గర మొదలయ్యాయి. ఇది మనిషి నుంచి మనిషికి, దగ్గరి కలయికలో పాకుతోందని అక్కడి వైద్యులకు అర్థమైంది.

అప్పుడు ల్యాబులో ఒక వింత జరిగింది. ఎంపాక్స్ వైరస్‌లో ప్రధానంగా రెండు తెగలున్నాయి. వాటిని క్లేడ్ ఒకటి, క్లేడ్ రెండు అంటారు. మధ్య ఆఫ్రికాది మొదటిది. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా అదే. పశ్చిమ ఆఫ్రికాది రెండోది. కాంగోలో రోగం అంటే క్లేడ్ ఒకటే అయి ఉండాలి. మామూలు ఎంపాక్స్ పరీక్షలో శాంపిళ్లు పాజిటివ్ వచ్చాయి. క్లేడ్ ఒకటిని గుర్తించేందుకు ఏళ్ల తరబడి వాడుతున్న పీసీఆర్ పరీక్షలో మాత్రం నెగటివ్ వచ్చాయి.

పీసీఆర్ అనేది వైరస్‌ను మొత్తంగా చూడదు. దాని జన్యుపదార్థంలో ముందే నిర్ణయించుకున్న ఒక చిన్న ముక్క కోసం వెతుకుతుంది. ఆ ముక్క దొరికితే దాన్ని కోట్ల ప్రతులు చేసి చూపిస్తుంది, దొరక్కపోతే ఊరుకుంటుంది. ఇంటి ముందు వేపచెట్టుందని గుర్తు చెప్పి మనిషిని పంపితే, ఆ చెట్టు కొట్టేసిన రోజున వచ్చినవాడు ఇల్లే లేదనుకుని వెనక్కి పోతాడు కదా, అక్కడ జరిగింది అదే. వైరస్ జన్యుక్రమాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి చూస్తే, ఆ పరీక్ష వెతికే ముక్క ఉండాల్సిన భాగమే ఊడిపోయి ఉంది. క్లేడ్ ఒకటిలోనే ఇది కొత్త కొమ్మ. దానికి 'వన్ బి' అని పేరు పెట్టారు. ఒక్క ఆ పరీక్షనే నమ్ముకుని ఉంటే, ఒళ్లంతా పొక్కులున్న మనిషికి కూడా ఏమీ లేదని చీటీ రాసిచ్చి ఇంటికి పంపేసేవాళ్లు.

ఈ ఉదంతంతో మొదలుపెట్టడానికి కారణముంది. అంటువ్యాధిని పట్టుకోవడమంటే పెద్ద ల్యాబులు, ఖరీదైన యంత్రాలు అనుకుంటాం. అవి కావాలి, సందేహం లేదు. అయితే కమిటుగాలో అసలు సంగతిని పరీక్షల దాకా తీసుకెళ్లింది రోగుల్ని దగ్గరగా చూసినవాళ్ల అనుమానమే. ఆ అనుమానానికి ఆధారం, ఎవరికి చూపించాలన్నా సిగ్గుపడే చోట లేచిన పుండును ఆసుపత్రికి వచ్చి చూపించిన మనుషులు. ఈ రోగం చరిత్రలో ఎక్కడ చూసినా ఈ రెండూ ఉన్నచోట అది త్వరగా దొరికింది. ఏ ఒక్కటి లేకపోయినా నెలలు, ఏళ్లు దాక్కుంది.

వైరస్‌ను మొదట చూసింది 1958లో, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లోని ఒక ప్రయోగశాలలో. పరిశోధనల కోసం తెప్పించిన కోతుల ఒంటి మీద పొక్కులు లేస్తే కనిపెట్టారు. కోతుల్లో దొరికింది కాబట్టి ఆ పేరు పడింది గానీ, వైరస్ అసలు కాపురం ఆఫ్రికా అడవుల్లోని ఎలుకలు, ఉడతల జాతి జంతువుల్లో అని శాస్త్రవేత్తల అంచనా. మనిషిలో మొదట బయటపడింది 1970లో, కాంగోలోని బసంకుసు ప్రాంతంలో, తొమ్మిది నెలల పసివాడిలో. ఆ సమయం యాదృచ్ఛికం కాదు. అక్కడ అప్పటికే మశూచి అదుపులోకి వచ్చింది. మశూచి ఉన్నంతకాలం ఇలాంటి పొక్కుల్ని అందరూ దాని ఖాతాలోనే రాసేవాళ్లు. అది పోయాక మిగిలిన పొక్కులు ఏమిటన్న ప్రశ్న పుట్టింది.

మశూచి టీకా ఎంపాక్స్‌ను కూడా చాలావరకు అడ్డుకునేది. రెండు వైరస్‌లూ ఒకే కుటుంబానివి. కాంగోలో అప్పట్లో జరిగిన పరిశీలనల్లో ఆ రక్షణ సుమారు 85 శాతం అని తేలింది. మన ఇళ్లలో అరవై దాటినవారి చేతి మీద గుండ్రటి టీకా మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1980లో ప్రపంచం మశూచి నుంచి విముక్తమైందని ప్రకటించాక ఆ టీకా ఆగిపోయింది. ఆపడం సబబే. కానీ ఆ తర్వాత పుట్టినవాళ్లెవరికీ ఆ కాపుదల లేదు. కాంగోలో 1980లతో పోలిస్తే 2000ల మధ్యకల్లా ఎంపాక్స్ 20 రెట్లు పెరిగిందని 2010లో పరిశోధకులు ప్రచురించారు. ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 2023లో ఒక్క కాంగోలోనే 14,600కు పైగా అనుమానిత కేసులు, 650కి పైగా మరణాలు నమోదయ్యాయి. చనిపోయినవారిలో ఎక్కువమంది పిల్లలు. దాని గురించి మన పత్రికల్లో వచ్చినదెంతో గుర్తు చేసుకుంటే మనసు చివుక్కుమంటుంది.

నైజీరియా కథ ఇంకా ముఖ్యం. అక్కడ 1978 తర్వాత దాదాపు నలభై ఏళ్లు ఈ జబ్బు జాడ లేదు. 2017లో బయెల్సా రాష్ట్రంలో 11 ఏళ్ల కుర్రాడిలో బయటపడింది. చూసినవారు నైజర్ డెల్టా యూనివర్సిటీ ఆసుపత్రిలో అంటువ్యాధుల వైద్యుడు డాక్టర్ డిమీ ఒగోయినా. ఆ తర్వాత వరసగా వచ్చిన రోగుల్లో ఆయనొకటి గమనించారు. చాలామంది యువకులు, పట్నవాసులు. అడవితో సంబంధం లేనివాళ్లు. మర్మాంగాల మీద పుండ్లున్నవాళ్లు. లైంగిక కలయికలో ఇది అంటుతోందేమో చూడాలని ఆయనా, సహచరులూ 2019లోనే పరిశోధన పత్రంలో రాశారు. పుస్తకాల్లో అలా లేదు కాబట్టి ఆ మాటకు విలువ దక్కలేదు. మూడేళ్ల తర్వాత, 2022 మే నెలలో బ్రిటన్‌లో కేసులు బయటపడి వారాల్లో ఖండాలు దాటేసరికి అందరికీ ఆ పత్రం గుర్తొచ్చింది.

ఆయన అనుమానానికి బలమిచ్చిన సాక్ష్యం వైరస్ జన్యువుల్లోనే దొరికింది. ఒంట్లోకి వైరస్ చొరబడితే మన కణాల్లోని కొన్ని ఎంజైములు దాని జన్యువుల్ని గిల్లి పాడుచేయడానికి చూస్తాయి. ఆ గిల్లుడు ఒక ప్రత్యేకమైన తీరులో ఉంటుంది. పూర్తిగా పాడు కాకుండా బతికిపోయిన వైరస్ ఆ గాయాల గుర్తుల్ని మోసుకుంటూ తర్వాతి మనిషిలోకి వెళుతుంది. 2022 నాటి వైరస్‌లో అలాంటి గుర్తులు పదుల సంఖ్యలో కనిపించాయి. జంతువుల్లో తిరిగే వైరస్‌లో ఇవి ఇలా పోగుపడవు. ఏడాదికి సుమారు ఆరు గుర్తుల లెక్కన వెనక్కి వెళ్లి చూస్తే, ఈ వైరస్ మనుషుల మధ్యనే తిరగడం 2016 ప్రాంతంలో మొదలైందని తేలింది. అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జులై 23న అత్యయిక స్థితి ప్రకటించేనాటికి అది ఆరేళ్లుగా మనిషి నుంచి మనిషికి పాకుతూనే ఉంది. జన్యుక్రమం చదవడం ఎందుకని అడిగేవారికి ఇది జవాబు. రోగి ఎక్కడికి వెళ్లాడో చెప్పలేకపోయినా, చెప్పడానికి ఇష్టపడకపోయినా, వైరస్ తన ప్రయాణం రాసిపెట్టుకుంటుంది.

2022లో రోగం ముఖ్యంగా పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషుల మధ్య పాకింది. ఇది చెప్పకుండా దాటేస్తే వారికే నష్టం, హెచ్చరిక అందాల్సినవారికి అందదు. ఇది వారి జబ్బు అని ముద్ర వేస్తే అందరికీ నష్టం. ముద్రకు భయపడి ఎవరూ ఆసుపత్రికి రారు. కమిటుగాలో అదే జబ్బు ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానంగా వచ్చింది. బురుండీలో పిల్లలకు పెద్ద ఎత్తున వచ్చింది. వైరస్‌కు కావలసిందల్లా ఒకరి చర్మం ఇంకొకరి చర్మానికి ఆనడం. పుండు రసి, పక్కు, రోగి పడుకున్న దుప్పటి, తుడుచుకున్న తువ్వాలు కూడా దానికి దారులే. కోవిడ్‌లా ఒకే గదిలో ఉన్నందుకే అందరికీ అంటుకుపోయే తరహా కాదు. ముఖాముఖి చాలాసేపు దగ్గరగా ఉంటే నోటి తుంపరల వల్ల సోకవచ్చు గానీ అది ప్రధాన దారి కాదు.

ఇక గుర్తుపట్టడం సంగతి. పాత పుస్తకాల్లోని బొమ్మల్లో ఒళ్లంతా, ముఖమంతా, అరచేతులు అరికాళ్లతో సహా ముత్యాల్లాంటి గట్టి పొక్కులు కనిపిస్తాయి. అలాంటి రోగిని ఎవరైనా గుర్తుపడతారు. 2022లో 16 దేశాల్లోని 528 మంది రోగుల్ని చూసి ప్రచురించిన వివరాలు వేరు. దద్దు వచ్చినవారిలో మూడింట రెండొంతుల మందికి పది పొక్కులు కూడా లేవు. 54 మందికైతే మర్మాంగం మీద ఒక్కటంటే ఒక్క పుండు. అలాంటివారిని చూస్తే సిఫిలిస్ అనో, హెర్పిస్ అనో అనుకోవడం సహజం. పైగా ఆ జబ్బులు కూడా ఎంపాక్స్‌తో పాటు ఉండవచ్చు. అందుకే ఒకటి తేలిందని రెండోదాన్ని వదిలేయకూడదు.

మన దగ్గర అసలు చిక్కు ఆటలమ్మతో. ఇంట్లో ఎవరికైనా పొక్కులు లేస్తే 'అమ్మవారు పోసింది' అని వేపాకులు పరిచి పడుకోబెట్టడం, డాక్టరు దగ్గరికి పోకపోవడం ఇంకా ఉంది. తేడాలు తెలిస్తే కొంత మేలు. ఆటలమ్మ పొక్కులు మెత్తగా, నీటిబుడగల్లా ఉంటాయి. వీపు మీద, పొట్ట మీద ఎక్కువ. ఒకచోట కొత్తవి లేస్తుంటే పక్కనే పాతవి పక్కు కడుతుంటాయి. ఎంపాక్స్ పొక్కులు గట్టిగా, లోతుగా, నొప్పిగా ఉంటాయి. చాలావాటికి నడుమ చిన్న గుంట పడుతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా రావచ్చు. అన్నిటికన్నా పెద్ద గుర్తు మెడ కిందా, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కట్టడం. ఆటలమ్మలో అది అంతగా ఉండదు. అయినా కంటితో చూసి ఖాయం చేయడం కుదరదు. శాంపిల్ తీయాల్సిందే.

శాంపిల్ తీసే తీరు తెలిస్తే భయం తగ్గుతుంది. రక్తం తీయడంతో పెద్దగా ప్రయోజనం లేదు, రక్తంలో వైరస్ కొద్దికాలమే ఉంటుంది. రక్తంలో యాంటీబాడీలు చూసినా మశూచి టీకా వల్ల వచ్చినవో, ఈ జబ్బు వల్ల వచ్చినవో విడదీయడం కష్టం. వైరస్ దండిగా ఉండేది పొక్కులోనే. ల్యాబ్ టెక్నీషియన్ గ్లౌజులు, మాస్కు, గౌను వేసుకుని సింథటిక్ దూది ఉన్న పొడి స్వాబ్‌తో పొక్కును గట్టిగా రుద్దుతారు. పైపైన తుడిస్తే వైరస్ కణాలు చాలినంత రావు, అప్పుడు నెగటివ్ అని తప్పుడు ఫలితం వస్తుంది. బ్లేడుతో కోయనక్కర్లేదు, ఆ బ్లేడుతో చెయ్యి తెగి తీసేవారికే అంటుకునే ప్రమాదముంది. ఒక్క పొక్కుతో సరిపెట్టకుండా రెండు మూడు చోట్ల నుంచి తీస్తారు. పక్కు ఊడి ఉంటే అదీ పనికొస్తుంది. మూడు పొరల డబ్బాలో పెట్టి చల్లగా ల్యాబుకు పంపుతారు. రోగికి కాస్త మంట పుడుతుంది, అంతే.

2022 జులైలో ఈ వరసంతా తెలంగాణలో జరిగింది. కువైట్ నుంచి కామారెడ్డి వచ్చిన ఒక వ్యక్తికి జ్వరం, ఆ తర్వాత దద్దు కనిపించాయి. ఆయన్ను అంబులెన్సులో హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి తరలించారు. దగ్గరగా మెలిగినవారిని విడిగా ఉంచారు. శాంపిళ్లు పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్లాయి. నెగటివ్ అని వచ్చింది. ఆ రెండు మూడు రోజులు టీవీల్లో జరిగిన హడావిడి ఆ కుటుంబానికి బాధ కలిగించే ఉంటుంది. ఆరోగ్య సిబ్బంది చేసిన పని మాత్రం అక్షరాలా సరైనది. అనుమానం వచ్చిన వెంటనే పంపి, కాదని తేల్చుకున్నారు. కాదని తేలిన శాంపిల్ వృథా కాదు. పదిమందిలో తొమ్మిదిమందికి నెగటివ్ వస్తున్నదంటే ఆ జిల్లాలో డాక్టర్లు కళ్లు తెరుచుకుని ఉన్నారని లెక్క.

అదే నెలాఖరున కేరళలోని త్రిశ్శూర్‌లో ఇంకోలా జరిగింది. యూఏఈ నుంచి వచ్చిన యువకుడు మెదడువాపు లక్షణాలతో చనిపోయాడు. యూఏఈలో చేయించిన పరీక్షలో ఎంపాక్స్ పాజిటివ్ వచ్చిందన్న సంగతి ఇక్కడి ఆసుపత్రికి చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ఇంటివారిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. చెబితే ఊరు వెలివేస్తుందేమో, ఉద్యోగం పోతుందేమో అన్న భయం ఎంత బరువైనదో గల్ఫ్‌కు పిల్లల్ని పంపిన తెలుగు ఇళ్లకు చెప్పనక్కర్లేదు. మన దేశంలో మొదటి కేసు యూఏఈ నుంచి వచ్చినవారిదే. 2024 సెప్టెంబరులో కేరళలోనే బయటపడిన తొలి 'వన్ బి' కేసు కూడా యూఏఈ నుంచి వచ్చినవారిదే. నిజామాబాద్, జగిత్యాల, కడప, కోనసీమ ఊళ్ల నుంచి అక్కడికి వెళ్లి వచ్చేవారెందరో ఉన్నారు కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు.

కేసు తేలాక మొదలయ్యేది కాంటాక్టుల వెతుకులాట. పొక్కులు లేచినప్పటి నుంచి, వీలైతే అంతకు కొద్ది రోజుల ముందు నుంచి, రోగిని తాకినవారు, పక్కన పడుకున్నవారు, బట్టలు ఉతికినవారు, వైద్యం చేసినవారు ఎవరెవరో జాబితా రాస్తారు. వారిని 21 రోజులు కనిపెట్టి ఉంటారు. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి పట్టే గరిష్ఠ గడువు దాదాపు అంతే. ఏ లక్షణమూ లేనివారిని గదిలో బంధించనక్కర్లేదు. రోజూ జ్వరం చూసుకుని, కొత్త పొక్కు లేస్తే వెంటనే చెబితే చాలు. కాగితం మీద ఇది తేలిక. జాబితాలో చేర్చాల్సిన పేరు భార్యకు తెలియకూడనిదైతే, లేదా పేరే తెలియని మనిషిదైతే? కాంటాక్టుల వేట సగంలో ఆగేది ఇక్కడే. పోలీసుతనం చేస్తే ఒక్క పేరూ రాదు. గోప్యత కాపాడతారన్న నమ్మకం ఉన్నచోటే పేర్లు బయటికొస్తాయి. ఐరోపా, అమెరికాల్లో 2022 ఉద్ధృతి తగ్గడంలో టీకాతో పాటు పురుషులతో సంబంధాలున్న పురుషుల సొంత సంఘాల పాత్ర పెద్దది. వాళ్ల భాషలో, వాళ్లను తప్పుపట్టకుండా జాగ్రత్తలు చెప్పాయి. చాలామంది తమంతట తామే కలయికలు తగ్గించుకున్నారు.

టీకాలున్నాయి. డెన్మార్క్ సంస్థ బవేరియన్ నార్డిక్ తయారుచేసే ఎంవీఏ-బీఎన్ ముఖ్యమైనది. అందులోని వైరస్ మన ఒంట్లో పెరగదు, కాబట్టి పాత మశూచి టీకా కన్నా భద్రం. రెండు డోసులు. జపాన్‌లో ఇంకొకటుంది. ఊరందరికీ వేయాల్సిన పనిలేదు. రోగి చుట్టూ ఉన్నవారికి, వారి చుట్టూ ఉన్నవారికి వేస్తూ వలయం కట్టడమే మశూచిని మన దేశం నుంచి 1975లో వెళ్లగొట్టిన పద్ధతి. అప్పుడు ఇంటింటికీ తిరిగి మశూచి బొమ్మ చూపించి 'ఇలాంటివారున్నారా' అని అడిగారు. కబురు చెప్పినవారికి బహుమతి ఇచ్చారు. కాంగోకు మాత్రం ఎంపాక్స్ టీకా 2024 సెప్టెంబరులో గానీ చేరలేదు. ఐరోపా, అమెరికాల్లో 2022లోనే క్యూలు కట్టి వేయించుకున్న టీకా, రోగం పుట్టిన నేలకు రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. దీన్ని అన్యాయమనే అనాలి.

మందు విషయంలో తేలినదొకటి చాలామందికి తెలియదు. టెకోవిరిమాట్ అనే మందు మీద ఆశలుండేవి. కాంగోలోనే 597 మంది రోగుల మీద జాగ్రత్తగా పరీక్షించారు. మందు వేసినవారికీ, ఉత్తుత్తి మాత్ర వేసినవారికీ పుండ్లు మానిన కాలంలో తేడా కనిపించలేదు. 2024 ఆగస్టులో ఈ ఫలితం బయటపెట్టారు. అయితే ఆ పరీక్షలో చేరినవారిలో, మందు పడినా పడకపోయినా, చనిపోయినవారు 1.7 శాతమే. దేశం మొత్తంలో మరణాలు 3.6 శాతం లేదా అంతకన్నా ఎక్కువ. వాళ్లను ఆసుపత్రిలో ఉంచుకుని తిండి పెట్టారు, నీళ్లు తగ్గకుండా చూశారు, పుండ్లు శుభ్రం చేశారు, నొప్పికీ చీముకీ మందులిచ్చారు, పక్కనే వచ్చిన మలేరియాకు వైద్యం చేశారు. ఈ పాటి సేవ దొరుకుతుందని తెలిసిన ఊళ్లో రోగి దాక్కోడు. ఆసుపత్రికి పోతే తడకల వెనక పడేస్తారని తెలిసిన ఊళ్లో పన్నెండో రోజుకు గానీ బయటికి రాడు. అప్పటికే ఇంట్లో అందర్నీ ముట్టుకుని ఉంటాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 ఆగస్టు 14న రెండోసారి ప్రకటించిన అత్యయిక స్థితిని 2025 సెప్టెంబరు 5న ఎత్తేసింది. వైరస్ పోలేదు. విదేశం నుంచి వచ్చిన మూడు వారాల్లోపు, లేదా అలా వచ్చినవారితో దగ్గరగా మెలిగాక, జ్వరంతో పాటు ఒంటి మీద ఎక్కడైనా, ముఖ్యంగా మర్మాంగాల దగ్గర కొత్త పొక్కు లేస్తే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి ప్రయాణం సంగతి ముందుగానే చెప్పండి. డాక్టరు అడిగే దాకా ఆగొద్దు. ఫలితం వచ్చేదాకా పొక్కుల్ని బట్టతో కప్పుకుని, వేరే గదిలో పడుకుని, పక్కబట్టలు, తువ్వాళ్లు వేరుగా ఉంచుకోవాలి. దుప్పట్లు దులపకుండా చుట్టచుట్టి తీసి, వేడి నీళ్లలో సబ్బుతో ఉతకాలి. పసిపిల్లల్ని, గర్భిణుల్ని దగ్గరికి రానివ్వకూడదు, జబ్బు ముదిరే ప్రమాదం వారిలో ఎక్కువ. ఎంపాక్స్ అని తేలితే ప్రతి పక్కూ రాలి, కింద కొత్త చర్మం వచ్చేదాకా ఇంటిపట్టునే ఉండాలి. దానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.